ప్రక్కవాడు చెప్పిన లెక్క

బెంగుళూరు నగరపు పొలిమేరలలో, నిన్నటివరకు రాగిచేలుగా నుండి నేడు అంతస్తులమీద అంతస్తులు లేచుచున్న తావులలో, ఆ మేడలు కట్టుటకై అనంతపురమునుండియు, కర్నూలునుండియు, రాయచూరునుండియు వలసవచ్చిన కూలీల బిడ్డలు చదువుకొను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు కలవు. అట్టి పాఠశాలలో నాలుగవ తరగతి నొకదానిని మనస్సున నిలుపుకొందము. 52లోనుండి 27 తీసివేయుమని ఉపాధ్యాయిని నల్లబల్లమీద వ్రాసి, మూడవ వరుసలోని బాలికను లేపెను. బాలిక లేచి బల్లవైపు చూచెను. పిదప నేలవైపు చూచెను. నోట మాట రాలేదు. కూర్చుండుమని ఉపాధ్యాయిని మరియొకరిని లేపునంతలో, ప్రక్కనున్న పిల్ల సగము కన్నడమును సగము తెలుగును కలిపి నాలుగైదు మాటలు గుసగుసలాడి, పలకమీద వ్రేలితో ఏదో చూపెను. రెండు నిమిషములలో ఆ బాలిక పలకమీద 25 అను అంకె నిలిచెను.

లెక్క మారలేదు, బాలిక మారలేదు, రెండు నిమిషములలో ఎవరి బుద్ధియు పెరిగినది కాదు. మారినది చెప్పిన మనిషి మాత్రమే. గణితము క్షుణ్ణముగా తెలిసిన పెద్దవారి ప్రశ్నకు మూతబడిన నోరు, అరకొరగా తెలిసిన తోటిపిల్ల మాటకు ఏల తెరచుకొన్నది? ఇది యొక చోద్యము. దీనికంటె వింతయైనది మరియొకటి కలదు. నెలదినముల తరువాత అదే లెక్క ఇరువురికిని ఇచ్చి చూచినయెడల, విన్న పిల్లకంటె చెప్పిన పిల్లకే అది గట్టిగా నిలిచియుండుట తరచుగా కనబడును. ఇచ్చినవానికి తరుగవలసిన చోట పెరుగుచున్నది. తరగతిలో గుసగుసలను అణచుటయే క్రమశిక్షణయని నమ్ముచున్న మనము, ఏమి అణచుచున్నామో ఒకసారి పరికించుట మంచిది.

బళ్ళారి వీథిబడులు

ఈ సంగతి విదేశములనుండి క్రొత్తగా దిగుమతి యైనదని తలచువారు రెండువందల యేండ్లు వెనుకకు పోవలసియుండును. 1822లో మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో, తన యేలుబడిలోని దేశీయ పాఠశాలల వివరములు సేకరించి పంపవలసినదని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ మనకు అపరిచితుడు కాడు. 1816లో తెలుగుభాషకు ఆంగ్లమున వ్యాకరణము రచించి ప్రకటించిన క్యాంబెల్ దొర అతడే. నేటి అనంతపురపు సీమ అప్పుడు బళ్ళారి జిల్లాలోనే చేరియుండెను. 1823 ఆగస్టులో అతడు పంపిన నివేదికలో జిల్లాయందలి 533 బడుల లెక్క కలదు. వానిలో కన్నడము నేర్పునవి 235, తెలుగు నేర్పునవి 226.

ఆ బడులలో పిల్లలు తరగతులుగా విభజింపబడి, క్రింది తరగతులవారు చాలవరకు పై తరగతుల పిల్లల చేతిక్రిందను, పై తరగతులవారు పంతులు చేతిక్రిందను చదువుకొనుచుండిరనియు, ముదిరిన విద్యార్థులచేత లేత విద్యార్థులకు చెప్పించుటవలన చెప్పువారి చదువు సైతము గట్టిపడుచుండెననియు, ఈ పద్ధతి మిక్కిలి మెచ్చదగినదనియు, ఇంగ్లండు దీనిని అనుకరించుట సమంజసమే యనియు క్యాంబెల్ వ్రాసెను. చెప్పువాని లాభమును ఇంత స్పష్టముగా గుర్తించిన ఆ వాక్యము, నేటి మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ప్రయోగములు చేసి తేల్చిన విషయమునకు నూటయేబది యేండ్లు ముందుగా నడచినది.

ఇంగ్లండు అనుకరించిన కథయు మన ప్రాంతములోనే మొదలైనది. మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు 1789లో పర్యవేక్షకుడుగా వచ్చిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఊరి పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు ఒకరికొకరు నేర్పుకొనుట చూచి, తన ఆశ్రమమునందును అట్లే చేయింపబూనెను. అచ్చటి ఉపాధ్యాయులకు అది రుచింపలేదు. అంతట అతడు ఎనిమిదేండ్ల బాలు నొకనిని చిన్నపిల్లలకు అక్షరములు దిద్దించు పనికి నియమించెను, పని నడచెను. 1797లో బెల్ లండనులో ఈ ప్రయోగమును గూర్చి పుస్తకము ప్రకటించెను. కొలది కాలములోనే జోసెఫ్ లాంకాస్టర్ అను యువకుడు లండనులో దీనిని పోలిన పద్ధతితో బీదపిల్లల బడి తెరచి, ఒక్క ఉపాధ్యాయుని క్రింద వందలమందిని కూర్చుండబెట్టెను. ‘మద్రాసు పద్ధతి’ పేరు దేశదేశములకు ప్రాకెను.

ప్రాకి, అరశతాబ్దములో వాడిపోయెను. కారణము కష్టమైనది కాదు. దొరలకు నచ్చినది పద్ధతిలోని బుద్ధి కాదు, చౌకదనము. వందమందికి ఒక జీతము! పిల్లగురువు వివరించువాడుగా కాక, వరుసలను సరిచూచి, పాఠము వల్లెవేయించి, తప్పు చెప్పినవానిని పట్టియిచ్చు చిన్న జమాదారుగా మారిపోయెను. బళ్ళారి బడులలో సైతము, పద్ధతిని మెచ్చిన క్యాంబెలే, పిల్లలు అర్థము తెలియని పద్యములను చిలుకలవలె వల్లించుచున్నారని ఆక్షేపించియున్నాడు. కావున ఇద్దరు పిల్లలను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టినంతమాత్రమున విద్య పుట్టదు. వారిమధ్య ఏమి నడచునో అందులోనే మర్మమంతయు ఉన్నది.

పలకమీద చోటు

మొదటి చోద్యమునకు వత్తము. మనస్సులో ఒక చిన్న పలక కలదని భావింపుడు. అప్పటికప్పుడు చేయుచున్న పనికి కావలసిన ముక్కలను మాత్రమే దానిమీద వ్రాసికొనగలము. పెద్దవారికైనను ఒక్కసారిగా నాలుగైదు ముక్కలకు మించి పట్టవు. చిన్నపిల్లలకు ఇంకను తక్కువ. దీనినే శాస్త్రజ్ఞులు క్రియాత్మక స్మృతి యందురు. 52లోనుండి 27 తీసివేయవలెనన్న పిల్ల ఆ పలకమీద ఏమేమి నిలుపుకొనవలెనో చూడుడు: రెండులోనుండి ఏడు పోదు, ప్రక్కయింటినుండి ఒకటి అప్పు తెచ్చుకొనవలెను, అచ్చటి అయిదు నాలుగైనది, ఇచ్చటి రెండు పన్నెండైనది, పన్నెండులో ఏడు పోగా అయిదు, ఆ అయిదును వ్రాసి, అయిదుకు బదులు నాలుగున్నదని మరువక, దానిలోనుండి రెండు తీయవలెను. వేలకొలది లెక్కలు చేసిన ఉపాధ్యాయినికి ఇదంతయు ఒకే కదలిక. పలకమీద ఒక మూలకూడ నిండదు. క్రొత్తగా నేర్చుకొను పిల్లకు ప్రతి మెట్టును ఒక పంక్తి.

ఆ సమయమున తరగతి యంతయు తనవైపు చూచుచుండగా నిలిచియున్న పిల్ల మనస్సులో భయము ప్రవేశించెననుకొనుడు. ‘తప్పు చెప్పినయెడల నవ్వుదురు’ అను ఒక్క తలపు ఆ పలకమీదనే వచ్చి కూర్చుండును. దానికి వేరొక పలక లేదు. అంకెలకు చోటు చాలదు. గణితభయము పెద్దతరగతులలో బీజగణితముతో మొదలగునని చిరకాలము తలచిరి. 2013లో జెరార్డో రామిరెజ్, షాన్ బైలాక్, వారి సహచరులు అమెరికాలో ఒకటవ, రెండవ తరగతుల పిల్లలను పరీక్షించి, ఆరేడేండ్ల వయస్సులోనే అది యుండుననియు, పెద్ద పలక గల పిల్లలకే, అనగా ఎక్కువ మెట్లను మనస్సున నిలుపుకొని లెక్కచేయు నేర్పు గలవారికే, దానివలన ఎక్కువ నష్టము కలుగుననియు కనుగొనిరి. మందబుద్ధులని మనము ప్రక్కకు నెట్టినవారిలో కొందరు నిజమునకు పెద్ద పలకలవారు కావచ్చును.

బెంగుళూరు తరగతిగదిలో పలకమీద చోటు ఆక్రమించునది మరియొకటియు కలదు, అది భాష. ఇంట తెలుగు, వీథిలో తమిళమో ఉరుదూయో, బడిలో కన్నడము, పాఠ్యపుస్తకమున అచ్చటచ్చట ఆంగ్లపదములు. ప్రశ్నను మొదట తన భాషలోనికి త్రిప్పుకొని, పిదప లెక్క చేయవలసిన పిల్లకు, త్రిప్పుకొనుటయే ఒక పని. ప్రక్కనున్న పిల్ల తన యాసలో ‘అప్పు తెచ్చుకోవే, అయిదు ఇంట్లోంచి’ అన్నప్పుడు ఆ పని తప్పిపోయినది. నలుగురి చూపులు లేవు కనుక భయమునకు చోటు లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ పిల్ల పోయినవారమే ఈ మెట్టుదగ్గర తట్టుకొని పడి లేచినది. ఎచ్చట కాలు జారునో దానికి ఇంకను జ్ఞాపకమున్నది. ఉపాధ్యాయిని అది మరచి ఇరువదియేండ్లైనది. పాండిత్యము పెరిగినకొలది అజ్ఞానమెట్లుండునో మరచిపోవుట పండితుల దోషము కాదు గాని, దానిని ఉపకరణములలో నొకటిగా లెక్కింపకుండుట పాఠశాలల దోషము.

చెప్పువాని లాభము

1982లో పీటర్ కోహెన్, జేమ్స్ కులిక్, చెన్-లిన్ కులిక్ అను పరిశోధకులు, బడిపిల్లలు బడిపిల్లలకు బోధించిన 65 పరిశీలనలను ఒకచోట చేర్చి తూచిరి. నేర్చుకొన్నవారు బాగుపడిరనుట ఎవరును ఊహించినదే. నేర్పినవారును బాగుపడిరి, చదువుటయందుకంటె గణితమునందు ఇరువురికిని ఎక్కువ మేలు కలిగినది, ఆ విషయముపట్ల వారి మనోవైఖరియు మెరుగుపడినది. ఇది ఎట్లు సంభవించినదో మెట్టుమెట్టుగా చూతము.

ఒకరికి చెప్పవలెనని తెలిసినప్పుడు, మనము పాఠమును మునుపటివలె చదువము. తనకొఱకు చదువుకొనువాడు ‘తెలిసినది’ అనిపించినచోట ఆగిపోవును. ఆ అనిపించుట పలుమార్లు మోసమే. చెప్పబూనినవాడు ఏది ముందు, ఏది వెనుక, ఏది లేక ఏది నిలువదు అని సర్దుకొనవలసియుండును. ఇది మొదటి మెట్టు. నోరు తెరచి చెప్పునప్పుడు, లోపల అతుకులు లేకుండ కనబడిన తెలివి, మధ్యలో తెగి వినబడును. ‘ప్రక్కయింటినుండి ఒకటి తెచ్చుకొనవలె’ అని చెప్పిన పిల్ల, ఆ ‘ఒకటి’ ఇచ్చటికి రాగానే పది ఏల అయినదో చెప్పలేక ఆగును. తనకు తెలియని దేదో తన చెవికే వినబడినది. ఇది రెండవ మెట్టు.

మూడవ మెట్టు వినువాని ప్రశ్న. ఇదియే అసలైనది. 2007లో రాడ్ రాస్కో, మిషెలిన్ చి అనువారు పిల్లగురువులను గూర్చిన పరిశోధనలను సమీక్షించి, వారిలో చాలమంది తమకు తెలిసినదానిని అప్పగించి ఊరకుందురనియు, అట్టివారికి లాభము స్వల్పమనియు, తమ మాటను తామే పరీక్షించుకొని, తిరిగి కట్టుకొని చెప్పినవారికే అధికలాభమనియు చూపిరి. అట్లు కట్టుకొనునట్లు చేయునది పలుమార్లు వినువాని ‘ఏల?’ అను ప్రశ్నయే. అనగా ప్రశ్నించు శిష్యుడు గురువునకు ఉపకారి.

కాలిఫోర్నియాలో నోరీన్ వెబ్ అను ఆచార్యురాలు 1980ల నుండి పిల్లల జట్టుల సంభాషణలను వినుచు వచ్చి, మరియొక గట్టి భేదమును తేల్చెను. జవాబు మాత్రము అందించుట వేరు, వివరించుట వేరు. ‘25 వ్రాయి’ అని చెప్పినందువలన చెప్పినవానికిని లాభము లేదు. విన్నవానికి నష్టము సైతము కలుగవచ్చును, ఏలయన తనకు రాలేదను సంగతి కప్పబడిపోవును. విన్నవానికి వివరణ ఉపకరించుటకును ఒక నియమము కలదు: విన్న వెంటనే దానితో తానొక లెక్క చేయు అవకాశ ముండవలెను. మన తరగతులలో జరుగు గుసగుసలలో అత్యధికము ‘25 వ్రాయి’ జాతివే. ఉపాధ్యాయులు వానిని అణచుట అన్యాయము కాదు. అణచినదానికి బదులు వేరొకటి నేర్పకుండుటయే లోపము.

చెప్పువాని లాభమున బుద్ధికి సంబంధింపనిది కూడ ఒకటి కలదు. 2009లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు కంప్యూటరులో బెట్టీ అను బొమ్మను పెట్టి, కొందరు విద్యార్థులతో ‘మీరు నేర్చుకొనుడు’ అనియు, కొందరితో ‘మీరు బెట్టీకి నేర్పుడు’ అనియు చెప్పిరి. పాఠము ఒక్కటే, యంత్రము ఒక్కటే. బెట్టీకి నేర్పుచున్నామని తలచినవారు ఎక్కువసేపు చదివిరి, ఎక్కువ నేర్చుకొనిరి. బెట్టీ తప్పు చెప్పినప్పుడు వారు చిన్నబోయి విడువలేదు. తిరిగి పుస్తకము తెరచిరి. తన తప్పు తనను కుంగదీయును గాని, శిష్యుని తప్పు గురువును పనికి పురికొల్పును. ప్రాణము లేని బొమ్మకే ఇంత శ్రమపడినవారు, ప్రక్కన కూర్చున్న స్నేహితురాలికి పడరా?

▣ 52లోనుండి 27: తప్పు ఎక్కడ పుట్టును?

ఈ లెక్కకు పిల్లలు మిక్కిలి తరచుగా వ్రాయు తప్పు జవాబు 35. ఇది అజాగ్రత్తవలన వచ్చినది కాదు. దీనికొక సూత్రము కలదు. ‘పెద్దదానిలోనుండి చిన్నది తీయవలె’ అని మొదట నేర్చిన నియమమును పిల్ల ఒక్కొక్క నిలువువరుసకును వర్తింపజేసినది: అయిదులో రెండు పోగా మూడు, ఏడులో రెండు పోగా అయిదు.

దీనిని సరిదిద్దుటకు పుల్లలు చాలును. పదేసి పుల్లల కట్టలు అయిదు, విడిపుల్లలు రెండు ముందుంచుడు. ఏడు పుల్లలు ఇమ్మని ప్రక్కవాడు చేయిచాపును. విడిగా రెండే ఉన్నవి. ఒక కట్ట విప్పవలెను. ఇప్పుడు కట్టలు నాలుగు, విడిపుల్లలు పన్నెండు. ఏడు ఇచ్చినచో అయిదు మిగిలినవి. ఇక ఇరువదికి రెండు కట్టలు ఇచ్చినచో రెండు మిగిలినవి. చేతిలో 25.

ఇచ్చట వినువాడు తప్పక అడుగవలసిన ప్రశ్న ఒకటి: ‘కట్ట విప్పితే మొత్తం మారిపోలేదా?’ పెద్దలకు ఇది అడుగదగిన ప్రశ్నగానే తోచదు. దీనికి పుల్లలు తిరిగి లెక్కపెట్టి చూపి ‘మారలేదు’ అన్న పిల్లకు, స్థానవిలువల రహస్యము సగము చేతికి వచ్చినట్లే.

ఉత్సాహము ముందా, విజయము ముందా?

పిల్లలకు గణితమునందు ఆసక్తి పుట్టించినయెడల వారే నేర్చుకొందురని లోకులందురు. నా అభిప్రాయములో ఇది తారుమారైన మాట. రాని పనియందు ఎవరికిని ఆసక్తి నిలువదు. మొదట ఒక చిన్న లెక్క తనచేత అగుట, అది తనవలననే అయినదని తెలియుట, ఆ సంగతి తనకు కావలసిన మనిషి చూచుట: ఈ మూడును కూడినచోట ఉత్సాహము దానంతట అదియే పుట్టును. జతచదువులో ఈ మూడును ఒక్క బల్లమీదనే దొరకును.

మరి బహుమతుల మాట? బళ్ళారి వీథిబడులలో దీనికొక విచిత్రమైన ఏర్పాటు ఉండెనని క్యాంబెల్ వ్రాసినాడు. ఉదయమున అందరికంటె ముందువచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తిట్టును లేదు. మూడవవానికి బెత్తముతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చిన ఒక్కొక్కనికి ఒక్కొక్కటి హెచ్చు. పిల్లలు పరుగెత్తుకొని వచ్చియుందు రనుటలో సందేహము లేదు. కాని ఒక్కని గౌరవము తక్కినవారి దెబ్బలమీద నిలిచిన చోట, మిత్రునికి లెక్క చెప్పవలెనని ఎవనికి తోచును? మన నేటి ర్యాంకుల పట్టికలు దెబ్బలు మాని సూత్రమును మాత్రము నిలుపుకొన్నవి.

బహుమతివలన కీడు కలుగు సందర్భ మొకటి ప్రసిద్ధము. 1973లో మార్క్ లెప్పర్, అతని సహచరులు, బొమ్మలు గీయుటయందు స్వతహాగా ప్రీతి గల చిన్నపిల్లలకు, గీచినచో యోగ్యతాపత్రము నిత్తుమని ముందుగా ఆశచూపిరి. కొన్నాళ్ళకు వారు మునుపటికంటె తక్కువగా గీయసాగిరి. ఆశచూపనివారియందును, చెప్పకుండ హఠాత్తుగా బహుమతి ఇచ్చినవారియందును ఈ మార్పు లేదు. ఉన్న ప్రీతిని లంచము తినివేసినది.

కాని గణితమునందు వెనుకబడిన పిల్లకు తినివేయుటకు ప్రీతి యేదీ? ఈ ప్రశ్నకు తగిన ప్రయోగమును 1992లో జాన్ ఫాంటుజో, అతని సహచరులు అమెరికా నగరపు పాఠశాలలో నాలుగవ, అయిదవ తరగతులలోని వెనుకబడిన పిల్లలతో చేసిరి. వారి పద్ధతిలో జతలోని ఒకడు గురువు, ఒకడు శిష్యుడు. కొంతసేపటికి పాత్రలు మారును. శిష్యుని కాగితముమీద మొదటి ప్రయత్నము, రెండవ ప్రయత్నము, సాయము, తిరిగి ప్రయత్నము అను గడులుండును. రెండుమార్లు తప్పినపిదప గాని గురువు సాయపడరాదు, సాయపడిన పిదప శిష్యుడు తానే తిరిగి చేయవలెను. చివర ఎవరికి వారు పరీక్ష వ్రాయుదురు. ఇద్దరి మార్కులును కలిపి, ముందుగా తామే నిర్ణయించుకొన్న గురిని చేరినయెడల, తామే ఎన్నుకొన్న బహుమతి ఇద్దరికిని కలుగును. కొందరికి క్రమపద్ధతి మాత్రము, కొందరికి ఉమ్మడి బహుమతి మాత్రము, కొందరికి రెండును, కొందరికి ఏదియు లేకుండ ఏర్పరచి చూడగా, రెండును కలిగినవారే లెక్కలలో అందరిని మించిరి.

ఈ ఏర్పాటులోని చమత్కారము గమనింపుడు. బహుమతి మిత్రుని నేర్పుమీద ఆధారపడియున్నది గాని మిత్రుని ఓటమిమీద కాదు. ‘25 వ్రాయి’ అని చెప్పినందువలన లాభము లేదు, పరీక్షలో అతడు ఒంటరిగా వ్రాయవలెను గదా! కావున వివరించుట స్వార్థమే యగుచున్నది. 2003లో సింథియా రోర్‌బెక్ మొదలగువారు ప్రాథమిక పాఠశాలలలో జరిగిన ఇట్టి అధ్యయనములను సమీక్షించినప్పుడు, గురిని, బహుమతిని, పరీక్షించు తీరును నిర్ణయించుటలో పిల్లల చేయి ఎక్కువగా ఉన్నచోటను, నగరములలోని బీదపిల్లల విషయమునను ఎక్కువ మేలు కనబడెను.

మదనపల్లెనుండి హొసకోటెకు

బెంగుళూరునకు ఈశాన్యముగా, మదనపల్లె చేరువనున్న రిషివ్యాలీ విద్యాకేంద్రమువారు 1980ల చివరిభాగమునుండి చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులు నడపుచు, ఒకే గదిలో పలువయస్సుల, పలుమెట్ల పిల్లలకు ఒక్క ఉపాధ్యాయుడు ఎట్లు చెప్పవలెనను ప్రశ్నకు సమాధానము వెదకిరి. పాఠ్యపుస్తకమును చిన్న చిన్న కార్డులుగా విడదీసి, గోడమీద మెట్లపటము వ్రేలాడదీసి, ఏ పిల్ల ఏ మెట్టుమీద ఉన్నదో ఆ పిల్లయే చూచుకొని తన కార్డును తెచ్చుకొనునట్లు చేసిరి. పిల్లలు కూర్చుండు జట్టులలో ఉపాధ్యాయుని సాయము పూర్తిగా కావలసినవారి దొకటి, తోటిపిల్లల సాయముతో నడచునది మరియొకటి, ఒంటరిగా అభ్యాసము చేయువారిది వేరొకటి. ఉపాధ్యాయుడు మొదటి జట్టుతో కూర్చుండును. తక్కిన గది ఆగిపోదు.

మైసూరు జిల్లాలోని హెగ్గడదేవన కోటె ఉపాధ్యాయులు దీనిని చూచి, 1995లో యునిసెఫ్ ప్రోత్సాహముతో తమ బడులలో ‘నలి-కలి’ అను పేర కన్నడమున నాటిరి. 2009-10 నుండి కర్ణాటక ప్రభుత్వము దీనిని రాష్ట్రమంతటను కన్నడ మాధ్యమపు ప్రభుత్వ పాఠశాలల క్రింది తరగతులకు విస్తరింపజేసెను. తెలుగునేలపై మొలచిన విత్తు కన్నడనాట అంతటను ప్రాకినను, తెలుగు పాఠకులలో దీనిని ఎరిగినవారు తక్కువ.

నలి-కలి క్రింది తరగతులతో ఆగిపోవును. తీసివేతలలో అప్పు, భిన్నములు మొదలగు ముండ్లదారి అంతతో మొదలగును. 2000లో బెంగుళూరున స్థాపింపబడిన అక్షర ఫౌండేషన్ అను సంస్థ, 2011లో నగరమునకు చేరువనున్న హొసకోటె తాలూకాలో ‘గణిత కలికా ఆందోలన’ అను పనిని ప్రారంభించినది ఈ దారిలోనే. నాలుగు, అయిదు తరగతుల పిల్లలు జట్టులుగా కూర్చుండి, పెట్టెలోనుండి పూసలచట్రము, పదుల కడ్డీలు, భిన్నముల ముక్కలు, ఆట నోట్లు, గడియారము మొదలగు వస్తువులు తీసి, చేతులతో చేసి, ఒకరికొకరు చెప్పుకొని, ఆ పిదప గాని నోటుపుస్తకమున వ్రాయరు. కొన్నేండ్లకు ప్రభుత్వముతో కలిసి ఈ పని కర్ణాటకపు ఈశాన్య జిల్లాలకు, అనగా మన కథలోని రాయచూరు ప్రాంతమునకు సైతము చేరినది. వస్తువు ఉండుటవలన జతచదువునకు కలుగు లాభము సామాన్యము కాదు. మాటలు చాలని పిల్లకూడ కట్ట విప్పి చూపగలదు. వాదము వచ్చినచో లెక్కపెట్టి తీర్పు చెప్పుకొనవచ్చును. ఉపాధ్యాయిని వచ్చి తగవు తీర్చువరకు ఆగనక్కరలేదు.

ఆ సంస్థయే గ్రామపంచాయతీల స్థాయిలో పిల్లలకు బహిరంగముగా గణితపు పోటీలు నడపుచున్నది. ఊరివారు, తల్లిదండ్రులు వచ్చి చూతురు; గెలిచినవారికి బహుమతులు. ఊరి చూపును బడివైపు త్రిప్పుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము లేదని ఒప్పుకొందును. అయినను ఒకరిద్దరు గెలిచి పలువురు చూచు ఉత్సవము ఒక దినమునకు చాలును. తక్కిన దినములకు ఉమ్మడి గురియే మేలని నా తలపు.

ఎవరు గురువు?

2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము తోటి విద్యార్థుల బోధనను, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, స్వచ్ఛందముగా, ఆనందముగా చేపట్టవచ్చునని పేర్కొనినది. పర్యవేక్షణ అను మాట అలంకారము కాదు. పిల్ల పిల్లకు తప్పు నేర్పగలదు. 35 సరియని ఇద్దరును కలిసి నమ్మగలరు. జతలు పనిచేయుచున్నప్పుడు ఉపాధ్యాయిని విశ్రాంతికి కూర్చున్నచో లాంకాస్టరు బడి తిరిగి వచ్చినట్లే. బల్లబల్లకును తిరిగి వినవలెను. విన్నచో, నోటుపుస్తకములలో ఎన్నడును కనబడనిది, పిల్ల మనస్సులో తప్పు ఏ నియమమునుండి పుట్టినదో అది, చెవిన పడును.

అంతకంటె సూక్ష్మమైన చిక్కు వేరొకటి కలదు. చాల బడులలో క్లాసు లీడరనియు, తెలివైనవాడనియు ఒకరిద్దరిని ఎంచి, ఎల్లప్పుడును వారిచేతనే తక్కినవారికి చెప్పింతురు. చెప్పువానికే ఎక్కువ లాభమని తెలిసిన తరువాత ఈ ఏర్పాటు ఎట్లు కనబడును? ఉన్నవానికే మరల పెట్టుచున్నాము. లేనివాడు ఏడాది పొడుగున వినుచు, తాను వినువాడనని నేర్చుకొనుచున్నాడు. అది గణితముకంటె గట్టిగా నిలుచు పాఠము. పాత్రలు మారవలెను, జతలు కొన్నాళ్ళకొకసారి మారవలెను.

అయితే తరగతిలో అందరికంటె వెనుకబడిన పిల్ల ఎవరికి చెప్పగలదు? తన తరగతిలో ఎవరికిని చెప్పలేకపోవచ్చును. కాని అయిదవ తరగతిలో అప్పు తీసివేతలు తడబడుచున్న బాలుడు, రెండవ తరగతి బాలునికి పుల్లల కట్టలు కట్టి విప్పి చూపగలడు. వానికి చూపవలెనను సాకుతో, అయిదవ తరగతిలో సిగ్గుపడి అడుగలేకపోయిన మెట్టును తాను తిరిగి ఎక్కగలడు. క్రింది తరగతి పాఠము మరల చదువుచున్నాడని ఎవరును నవ్వరు, ఏలయన అతడు గురువు. ఇందుకు క్రొత్త గది గాని, క్రొత్త జీతము గాని అక్కరలేదు. కర్ణాటకలోను, ఆంధ్రదేశములోను, తెలంగాణములోను ఒకరిద్దరు ఉపాధ్యాయులతో నడచు పల్లెబడులు లెక్కలేనన్ని. వానిలో అయిదవ తరగతియు రెండవ తరగతియు ఒకే గదిలో, ఒకే చాపమీద, ఒకరికొకరు వీపు త్రిప్పుకొని ఇప్పటికే కూర్చుండియున్నవి.